మహావృక్షం మీద పదకొండు వార్తలు

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవికీ కలిపి ఒక్కటే పత్రిక ఉండేది. పేరు 'వాగు వార్త'. దాని యజమాని, సంపాదకుడు, ప్రచురణకర్త అన్నీ ఒక్క ఏదుపందే. ఆయన పేరు కంటకయ్య.

పత్రిక పెట్టడానికి ఏదుపందికి మించిన జంతువు లేదు. కలాలు ఒంటిమీదే మొలుస్తాయి. ఒకటి అరిగిపోతే వీపు దులుపుకుంటే చాలు, ఇంకోటి రాలుతుంది. టేకాకే కాగితం. లేత టేకాకు నలిపితే వచ్చే ఎర్రటి రసమే సిరా. కంటకయ్య అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే భార్య సూదమ్మ కూర్చుని పది ఆకుల మీద రాసేది. దస్తూరి ఆవిడది, ఆవేశం ఆయనది. శనివారం పొద్దున్నే ఆ పది ఆకులూ పదిచోట్ల తుమ్మముళ్ళకు గుచ్చేవాళ్ళు.

వాటిలో ఒకటి పడమటి బండ దగ్గర ఉండేది. అక్కడ చదువొచ్చిన ఒక జింక పైకి చదివేది, మిగతా జంతువులు చుట్టూ చేరి వినేవి. కంటకయ్య బండ వెనక పొదలో నక్కి, వాళ్ళు ఎక్కడ తలాడించారో, ఎక్కడ పళ్ళు నూరారో వింటూ కూర్చునేవాడు. 'వాగు వార్తలో వేశాడంటే అది నిజమే' అని ఎవరైనా అన్నారంటే ఆ పూట ఆయనకు తిండి కూడా అక్కర్లేదు. వారం మొత్తంలో ఆయన నిజంగా బతికేది ఆ కాసేపే.

విలేకరి ఒక గోరింక. రోజంతా అడవిదున్నల వీపుల మీద కూర్చుని పురుగులు ఏరుకు తినేది. అడవి సభ నడిపేది ఆ దున్నలే కాబట్టి సభలో ఎవరు తుమ్మినా దానికి ముందే తెలిసిపోయేది.

పత్రికకు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి మీద ఫిర్యాదు వేసినా దాని కిందే వాళ్ళ వివరణ కూడా వేయాలి, చెప్పింది చెప్పినట్టు, అక్షరం మార్చకుండా. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. వార్త శనివారం దాకా బయటికి పొక్కకూడదు. అందుకని గోరింక శుక్రవారం వెళ్ళి, "సార్, మీ వివరణ కావాలి" అని అడిగేది. దేని మీద అని అడిగితే, "రేపు చదువుకోండి సార్" అనేది.

ఆ అడవిలో నీళ్ళ సంగతులు చూసే సభ్యుడు ఉడుము గట్టయ్య. అయిదుసార్లు గెలిచాడు. ఉడుంపట్టు అనే మాట ఆయన్ని చూశాకే పుట్టిందని కంటకయ్య తరచూ రాసేవాడు. నీళ్ళ గురించి ఏ ఫిర్యాదు వచ్చినా గట్టయ్య వివరణ ఒక్కటే. "ఆ సంగతి నా దృష్టికి రాలేదు. వస్తే పరిశీలిస్తాం."

ఆ మాట అడవంతా పాకింది. కుందేలు పిల్లలు దాగుడుమూతల్లో దొరికిపోతే, "నువ్వు నా దృష్టికి రాలేదు" అనుకుని పొర్లి పొర్లి నవ్వేవి. సూదమ్మ ఆ రెండు వాక్యాలూ గురువారమే ఆకు అడుగున రాసిపెట్టుకునేది. పైన ఫిర్యాదుకి చోటు వదిలేది.

ఆ ఏడు వానాకాలం చివర్లో పెద్ద గాలివాన వచ్చింది. పైవాగు దగ్గర రెండు రాళ్ళ మధ్య మద్ది విరిగి అడ్డంగా పడిందని, చెత్తా చెదారం దానికి పట్టి నీళ్ళు ఆగిపోయాయని, కింద మడుగు తగ్గిపోతోందని వార్త వచ్చింది. కంటకయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. ఇంత మంచి వార్త ఆయనకు ఆ ఏడాదిలో దొరకలేదు.

మొదటి వారం 'వాగుకు అడ్డంగా చెట్టు' అని వేశాడు. గట్టయ్య దృష్టికి రాలేదు. రెండో వారం అదే మళ్ళీ వేస్తే ఎవరు చదువుతారని 'పెద్ద చెట్టు' అన్నాడు. నాలుగో వారానికి అది 'భారీ చెట్టు' అయింది. ఏడో వారం 'మహావృక్షం'. పదో వారానికి 'పర్వతాకార మహావృక్షం'. పడిపోయాక కూడా ఇంతలా ఎదిగిన చెట్టు ఆ అడవిలో అదొక్కటే.

పదకొండో వారం కింద మడుగు నుంచి తాబేలవ్వ వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆ మడుగులోనే ఉంటోంది. ఎంత వయసో ఆవిడే మర్చిపోయింది. నడిచి వచ్చేసరికి రెండు రోజులు పట్టింది.

"నాయనా, నువ్వు రాస్తూనే ఉన్నావు, మడుగు తగ్గుతూనే ఉంది" అంది.

"చూస్తున్నావుగా అవ్వా, వాడికి సిగ్గు లేదు."

"వాడికి లేకపోతే లేకపోయె. నువ్వే ఆ సభలో కూర్చోరాదా? ఎవరి దృష్టికీ రావక్కర్లేదు. నీకన్నీ తెలుసుగా."

కంటకయ్యకు ఆ మాట నెత్తికెక్కి కూర్చుంది. రెండు రోజులు ఏమీ రాయలేదు. మూడో రోజు సూదమ్మతో, "నిలబడదామనుకుంటున్నాను" అన్నాడు.

"ఎక్కడ?" అంది సూదమ్మ, నిజంగా అర్థంకాక.

"ఎన్నికల్లో."

సూదమ్మ చేతిలోని కలం కింద పెట్టింది. "మరి పత్రికండీ?"

"పత్రిక ఎక్కడికి పోతుంది? అలాగే నడుస్తుంది. నా మీద ఫిర్యాదు వచ్చినా మొదటి పేజీలో వేస్తాను. అదే ఈ అడవికి నా మాట."

"మీ మీద మీరే వేసుకుంటే వివరణ ఎవరిస్తారు?"

"నేనే ఇస్తాను. అందులో ఇబ్బందేముంది?" అన్నాడు కంటకయ్య. ఆ క్షణాన ఆయనకు నిజంగానే ఇబ్బంది ఏమీ కనబడలేదు.

ప్రచారానికి ఒక కొండముచ్చు కుదిరింది. అంతకుముందు అయిదుసార్లూ గట్టయ్యకు ప్రచారం చేసింది అదే. ఈసారి గాలి ఎటు వీస్తోందో చెట్టు చివర కూర్చుని చూసుకుని ఇటు దూకింది. కొమ్మ కొమ్మకూ వెళ్ళి, "పదిహేను రోజుల్లో మహావృక్షం మాయం" అని అరిచింది. 'వాగు వార్త' నాలుగు వారాల పాటు పది ఆకుల్లోనూ కంటకయ్య గురించే రాసింది. అవి చెప్పింది కంటకయ్యే కాబట్టి అన్నీ బాగా వచ్చాయి.

గెలిచాడు. మామూలుగా కాదు, గట్టయ్యకు ఆయన సొంత ఓటు, బావమరిది ఓటు తప్ప ఇంకేమీ పడలేదు. గట్టయ్య వచ్చి, "మంచిది తమ్ముడూ" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

అడవి సభ రాతిగుట్ట మీద జరుగుతుంది. అధ్యక్షుడు గంభీరప్ప, పెద్ద అడవిదున్న. ఆయన నెమరు వేస్తున్నాడా ఆలోచిస్తున్నాడా అన్నది ఎవరికీ తెలియదు. కంటకయ్య మొదటి రోజే లేచాడు.

"అధ్యక్షా, వాగుకు అడ్డంగా చెట్టు పడింది. తీయించాలి."

గంభీరప్ప దవడ ఆపకుండానే, "చెట్టా, మహావృక్షమా?" అని అడిగాడు.

కంటకయ్య కొంచెం తడబడ్డాడు. పత్రికలో వేసింది కాదనలేడు కదా. "మహావృక్షమే" అన్నాడు.

"అదీ చెప్పండి. వట్టి చెట్టయితే ఎలుగుబంటిని పంపి లాగించేవాళ్ళం. మహావృక్షమంటే ఏనుగులు కావాలి. మన దగ్గర ఏనుగులు లేవు. పక్క అడవిని అడగాలి. అడగాలంటే తీర్మానం కావాలి. తీర్మానానికి ముందు ఉపసంఘం వేయాలి."

"ఉపసంఘానికి పెద్ద ఎవరు?"

"మీరే" అన్నాడు గంభీరప్ప.

కంటకయ్య కూర్చున్నాడు. ఉపసంఘం పెద్ద అన్న మాట చెవికి చల్లగా తగిలింది. ఆ సాయంత్రం అడివిమల్లెల దండ వేశారు. ఏదుపందికి దండ వేయడం తేలికే, తీయడమే కష్టం. పూలు ముళ్ళలో చిక్కుకుని అక్కడే ఎండిపోయేవి. ఆ మీద రోజూ ఏదో ఒక సన్మానం. నెల తిరిగేసరికి ఆయన నడుస్తున్న గడ్డివాములా తయారయ్యాడు.

పదిహేను రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఒకరోజు గోరింక వచ్చి వాలింది.

"సార్, ఒక సంగతి. వాగు ఆగిపోయాక పైన నీళ్ళు నిలిచి లోతుగా గుంట అయింది. మధ్యాహ్నం పూట గంభీరప్పగారి మందంతా అందులోనే ఉంటోంది. మెడదాకా మునిగి మూడు గంటలు లేవరు. ఏనుగులు ఎందుకు రావడం లేదో నాకిప్పుడు అర్థమైంది. వేద్దామా?"

కంటకయ్య అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడే వద్దు. సమయం చూసి వేద్దాం."

అన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. సూదమ్మ విన్నది. కలం మొన చాలాసేపు చెక్కుతూ కూర్చుంది.

ఎండలు ముదిరాయి. తాబేలవ్వ ఈసారి రాలేకపోయింది. ఒక ఎండ్రకాయతో కబురు పంపింది. మడుగులో నీళ్ళు అయిపోయాయని, చేపలు పోయాయని, తామంతా బురదలో కూరుకుని ఉన్నామని, ఇంకో వారం పోతే ఆ బురద కూడా ఎండిపోతుందని, తాబేళ్ళు ఎంత దూరమని నడవగలవని.

కంటకయ్య మాట తప్పే మనిషి కాదు, అదే, మాట తప్పే ఏదుపంది కాదు. "మొదటి పేజీ" అన్నాడు. లేచి తిరుగుతూ చెప్పాడు. రాస్తుంటే సూదమ్మ కళ్ళు తడిశాయి. అన్నేళ్ళ పత్రికలో అంత మంచి వార్త ఇంకోటి రాలేదు. 'దాహంతో మడుగు, నిద్రలో సభ్యుడు' అని శీర్షిక కూడా ఆయనే పెట్టాడు. పెట్టి, తను సంపాదకుడిగా కూర్చునే రాయి మీద కూర్చుని మురిసిపోయాడు.

అప్పుడు గోరింక గొంతు సవరించుకుంది. "సార్, సభ్యుడిగారి వివరణ కావాలి."

కంటకయ్య సంపాదకుడి రాయి మీంచి లేచాడు. ఎదురుగా ఉన్న రాయి మీదికి వెళ్ళి కూర్చున్నాడు. ఎండిన పూలు కొన్ని రాలాయి. ఆలోచించాడు.

దున్నలు స్నానం చేస్తున్నాయి కాబట్టి పని ఆగిందంటే గంభీరప్ప ఉపసంఘం పీకేస్తాడు. తెలిసి ఊరుకున్నానంటే జనం ఊరుకోరు. ఏనుగులు వస్తున్నాయంటే అబద్ధం, అబద్ధం పత్రికలో ఎలా వేస్తాడు? ఎటు తిరిగినా ముల్లే తగిలింది, ఈసారి తనదే. ఇలాంటప్పుడు నోటికి తేలిగ్గా వచ్చేది, అందరినీ కాపాడేది, ఏళ్ళ తరబడి తన చెవుల్లో నానిన మాట ఒక్కటే ఉంది.

"ఆ సంగతి నా దృష్టికి రాలేదు. వస్తే పరిశీలిస్తాం" అన్నాడు.

గోరింక ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడింది. "సార్, ఇప్పుడే కదా మీరు చెప్పి రాయించారు."

"రాయించింది సంపాదకుడు. నువ్వడిగింది సభ్యుణ్ణి."

గోరింక సూదమ్మ వైపు చూసింది. సూదమ్మ భర్త వైపు చూసింది. "వేయనా?" అంది.

"చెప్పింది చెప్పినట్టు వేయడం మన ఆనవాయితీ" అన్నాడు కంటకయ్య, నాలుగైదు అడుగులు వేసి మళ్ళీ సంపాదకుడి రాయెక్కి.

సూదమ్మకు వెతకాల్సిన పని కూడా లేకపోయింది. పాత ఆకులు, అడుగున ఆ రెండు వాక్యాలతో, ఇంకా పది మిగిలే ఉన్నాయి.

శనివారం జింక పైకి చదివింది. తాబేలవ్వ సంగతి దగ్గర బండ చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు చీదారు. పొదలో కంటకయ్య గుండె ఉప్పొంగింది. తర్వాత జింక వివరణకు వచ్చింది. చదివి, ఆగి, పేరు సరిగ్గా చూసుకుని మళ్ళీ చదివింది. ముందు కుందేలు పిల్లలు మొదలెట్టాయి. ఆ తర్వాత ఎలుగుబంటి. కాసేపటికి జింక కూడా చదవలేక కూలబడి నవ్వింది.

నవ్వు తగ్గాక ఒక ముసలి కుందేలు మామూలుగా అంది, "అయితే ఇన్నాళ్ళూ గట్టయ్య మీద వేసినవీ ఇలాంటివేనేమో."

ఆ మాటతో కంటకయ్య ముళ్ళన్నీ వాలిపోయాయి. ఎన్నికల్లో ఓడినా అంత బాధ కలిగేది కాదు. సిగ్గుతో అక్కడే నేలలో దూరిపోదామనిపించింది. దూరడం ఆయనకు వచ్చిన విద్యే, నేల గీకడం మొదలుపెట్టాడు కూడా. పక్కన ఏదో కదిలితే చూశాడు. ఉడుము గట్టయ్య.

"నువ్వేం చేస్తున్నావిక్కడ?"

"వినడానికి వచ్చాను తమ్ముడూ. ఈ పత్రిక వినడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నన్ను తిడుతుంటే ఎలా వస్తాను?"

"వినకపోతే మానె. చదివి ఉంటావుగా."

గట్టయ్య తల దించుకున్నాడు. "నాకు చదువు రాదు. నన్ను తిట్టిన ఆకు నాకెవరు చదివి వినిపిస్తారు? నీ గోరింక వచ్చి వివరణ అనేది, దేనికో చెప్పేది కాదు. మడుగువాళ్ళూ రాలేదు. పత్రికలో వచ్చేసింది కదా, ఇంక చెప్పేదేముందనుకున్నారేమో. ఎన్నికల దాకా నా దృష్టికి నిజంగానే రాలేదు. నీకేమైంది?"

కంటకయ్య పొదలోంచి లేచి నడిచాడు. ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఆ చెట్టేదో ఒకసారి చూసొద్దాం, వస్తావా?" అన్నాడు.

సూదమ్మ అప్పుడు గుర్తు చేసింది. పదకొండుసార్లు రాశారు, ఎన్నికల్లో అడవంతా చెప్పారు, ఉపసంఘానికి పెద్ద అయ్యారు, ఆ చెట్టు మొహం మాత్రం ఇద్దరూ చూడలేదు. చూడాల్సిన అవసరమే రాలేదు. గోరింక చూసి చెప్పేది, వాళ్ళు రాసేవాళ్ళు.

గోరింక దారి చూపించింది. నడిస్తే గట్టిగా ఒక పూట దూరం కూడా లేదు. రెండు రాళ్ళ మధ్య ఇరుకు దగ్గర నిలబడి కంటకయ్య అటూ ఇటూ వెతికాడు.

"మహావృక్షం ఏదే?"

"అదే సార్" అంది గోరింక.

అది కొమ్మ. మద్దిచెట్టు నిక్షేపంగా గట్టు మీద నిలబడే ఉంది. విరిగిన కొమ్మ ఒకటి రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. దాని రెండు పంగలకు ఆకులూ బురదా పట్టి గోడ కట్టేశాయి. ఆ పంగలు కంటకయ్య మెడంత లావు ఉంటాయేమో.

"చెట్టని చెప్పావుగా?"

"నేను కొమ్మనే చెప్పాను సార్. కొమ్మంటే ఎవరు చదువుతారని చెట్టని వేశారు."

సూదమ్మ కిందికి దిగింది. పంగను వాసన చూసి, చిన్నగా కొరికి, "మెత్తగానే నానింది" అంది. "మీరు ఆ పక్క పట్టండి."

ఏదుపందులకు పళ్ళుంటాయి. కొయ్య కొరకడం వాటికి పుట్టుకతో వచ్చిన పని. ఇన్నేళ్ళు ముళ్ళనే చూసుకుని మురిసిన కంటకయ్య తన నోట్లో ఏముందో మర్చిపోయాడు. మొదటి పంగ సాయంత్రానికి తెగింది. మధ్యలో కొండముచ్చు వచ్చి, ప్రారంభోత్సవం పెడదామని, గంభీరప్పగారి చేత మొదటి కొరుకు కొరికిద్దామని అంది. ఇద్దరి నోళ్ళూ నిండుగా ఉండటం వల్ల జవాబు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండో పంగ తెగింది. కొమ్మ ఒక్కసారిగా తిరిగింది, చెత్తంతా కొట్టుకుపోయింది, ఆరు నెలల నీళ్ళు కిందికి దూకాయి. పైన మెడదాకా మునిగి కళ్ళు మూసుకున్న గంభీరప్ప కళ్ళు తెరిచేసరికి మోకాళ్ళ లోతు బురదలో నిలబడి ఉన్నాడు, చుట్టూ మందంతా చూస్తుండగా.

ఆ సాయంత్రమే అత్యవసర సభ. తీర్మానం లేకుండా పని చేయడం, ఉపసంఘం నివేదిక రాకముందే సమస్య తీర్చడం, ఏనుగులు చేయాల్సిన పని ఏదుపంది చేసి ఏనుగు జాతిని అవమానించడం, ఇవీ నేరాలు. కంటకయ్యను సభ్యత్వం నుంచి తీసేశారు. ఆ సభ పుట్టాక ఒక్క పూటలో నెగ్గిన తీర్మానం అదొక్కటే.

ఎన్నిక మళ్ళీ జరిగింది. గట్టయ్య గెలిచాడు. అక్షరాలు నేర్పమని సూదమ్మ దగ్గరికి వస్తున్నాడు గానీ, నెలైనా 'అ' దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు.

కంటకయ్య మళ్ళీ పత్రికలో పడ్డాడు. మొదటి శనివారానికి, "కింద మడుగును ముంచెత్తిన మహాప్రవాహం అని రాయి" అన్నాడు. సూదమ్మ 'మడుగులోకి నీళ్ళు వచ్చాయి' అని రాసింది. చదివి చూసుకుని ఆయన ఊరుకున్నాడు. బండ దగ్గర జింక చదివినప్పుడు ఎవరూ నవ్వలేదు. అదే పదివేలనుకున్నాడు.

పది రోజులకు తాబేలవ్వ నడుచుకుంటూ వచ్చింది. వీపు మీద బురద పోయి నున్నగా ఉంది.

"పత్రిక బాగుంటోంది నాయనా. నేను వచ్చింది దానికి కాదు. మా గట్టు మీద దారికి అడ్డంగా వెదురు పడింది. పిల్లలు దాటలేకపోతున్నారు."

కంటకయ్య అలవాటుగా వీపు దులిపి ఒక కలం తీశాడు. "చెప్పవ్వా, మొదటి పేజీలో వేస్తాను."

"వార్త తర్వాత వేద్దువు గానీ" అంది అవ్వ, "ముందు నువ్వు రా, నీ పళ్ళు ఖాళీగా ఉంటే."

కంటకయ్య కలం సూదమ్మకిచ్చి అవ్వ వెనకాలే బయల్దేరాడు. తాబేలు నడక కాబట్టి చేరడానికి రెండు రోజులు పట్టింది. వెదురు కొరకడానికి అరపూట సరిపోయింది.

ఇందులో నీతి కావాలనేవాళ్ళకు ఆ అడవిలో ఇప్పటికీ చెప్పే మాట ఒకటుంది: పదవిలో ఉండగా పని చేయకూడదు, చేస్తే పనీ అయిపోతుంది, పదవీ అయిపోతుంది.